కొండ వెనక పడిన ఉల్క నిజంగా ఎక్కడ పడింది?

రాత్రివేళ ఒక పెద్ద వెలుగు ఆకాశాన్ని చీల్చుకుంటూ వచ్చి ఎదురుగా ఉన్న కొండ వెనక పడిపోయిందని, వెళ్లి వెతికితే రాయి దొరుకుతుందా అని ఒక పాఠకుడు అడిగారు. దొరకదు. అగ్నిగోళాన్ని చూసినవాళ్లు ఏ దేశంలోనైనా ఇలాగే చెబుతారు. చీకటి ఆకాశంలో దూరాన్ని కొలుచుకోవడానికి కంటికి ఏ ఆధారమూ ఉండదు. అంత వెలుగు దగ్గరిదే అయి ఉంటుందని మనసు తీర్మానించేస్తుంది. నేలకు 30 కి.మీ. పైన ఆరిపోయిన ఉల్క మనకు దిగంతం నుంచి 10 డిగ్రీల ఎత్తులో కనిపించిందంటే, అది దాదాపు 160 కి.మీ. అవతల ఉన్నట్టు.

శుక్రగ్రహం కంటే కాంతివంతమైన ఉల్కను అగ్నిగోళం అంటారు. ఏటా వచ్చే పెర్సీడ్ల వంటి ఉల్కాపాతాల్లో మెరిసేవి చాలావరకు తోకచుక్కలు విడిచిన చిన్న రేణువులు, అవి పైనే ఆవిరైపోతాయి. నేలకు రాయి చేరాలంటే పెద్ద ముక్క రావాలి.

మరి అది పడిన చోటు ఎలా తెలుస్తుంది? నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఒకచోట నిలబడి చూసినవారి కన్ను, ఆకాశంలోని వెలుగు గీత కలిసి ఒక సమతలం అవుతాయి. దాన్ని ఏటవాలుగా నిలిచిన గోడ అనుకోండి. ఉల్క ఆ గోడ మీదే ఎక్కడో ప్రయాణించింది. దగ్గరగా, నెమ్మదిగా వెళ్లిందో, దూరంగా, మహావేగంగా వెళ్లిందో ఆ ఒక్క గోడ చెప్పలేదు. కొన్ని పదుల కిలోమీటర్ల దూరంలో ఇంకొకరు చూస్తే రెండో గోడ లేస్తుంది. గదిలో రెండు గోడలు కలిసేచోట ఒకే గీత ఏర్పడినట్టు, ఈ రెండూ కలిసే గీతే ఉల్క నడిచిన అసలు దారి. అయితే ఉల్క ఆ ఇద్దరినీ కలిపే రేఖ వెంబడే వెళితే రెండు గోడలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి. అప్పుడు కొలతలో చిన్న తేడా వచ్చినా దారి కిలోమీటర్ల కొద్దీ జరిగిపోతుంది. అందుకే మూడో చోటు నుంచి చూసే కన్ను, లేదా కెమెరా, కావాలి. సమతలాల ఖండనను బడిలో ఉత్త సూత్రంగా బట్టీ పట్టించే బదులు దీనితో మొదలుపెడితే పిల్లలు ఎంత ఆసక్తిగా వింటారో!

దారి తెలిస్తే సరిపోదు, వేగం కూడా కావాలి. పాత కెమెరాల్లో తిరిగే రెక్కలు కాంతిని నిర్ణీత వ్యవధిలో అడ్డుకునేవి. ఫోటోలో ఉల్క గీత ముక్కలుముక్కలుగా పడేది. ముక్క పొడవు వేగాన్ని చెబుతుంది. ముక్కలు కురచ అవుతున్న తీరును బట్టి గాలి దాన్ని ఎంతగా నిలువరిస్తోందో, దాన్నుంచి ద్రవ్యరాశిని లెక్కకట్టవచ్చు. వేగం సెకనుకు సుమారు 3 కి.మీ.కు పడిపోయాక వెలుగు ఆరిపోతుంది. అక్కడినుంచి రాయి చీకట్లో, గాలివాటున పడుతుంది. కాబట్టి ఏ ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంగా వీస్తోందో కూడా లెక్కలో చేర్చాలి.

ఈ పద్ధతి 1959 ఏప్రిల్ 7న తొలిసారి ఫలించింది. చెకోస్లొవాకియాలో ఖగోళ శాస్త్రవేత్త జ్డెనెక్ సెప్లెఖా బృందం నడిపిన కెమెరాలకు ఒక అగ్నిగోళం చిక్కింది. లెక్కగట్టిన ప్రాంతంలో, ప్రిబ్రామ్ దగ్గర, నాలుగు రాళ్లు దొరికాయి. అదే దారిని వెనక్కి పొడిగించి, భూమి ఆకర్షణనూ భ్రమణాన్నీ తీసివేస్తే సూర్యుడి చుట్టూ రాయి తిరిగిన కక్ష్య తేలింది. ఆ కక్ష్యలో సూర్యుడికి అన్నిటికంటే దూరపు కొస కుజుడికీ గురుడికీ మధ్యనున్న గ్రహశకలాల పట్టీలో ఉంది. చుక్క రాలితే ఎవరో పోయారని భయపడేవాళ్లకు నేను చెప్పేది ఈ ప్రయాణం గురించే.

2002 ఏప్రిల్ 6న జర్మనీలో నోయ్‌ష్వాన్‌స్టైన్ దగ్గర పడిన ఉల్క కక్ష్య ప్రిబ్రామ్ కక్ష్యకు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. కవలలే అనుకునేలోపు రాళ్లను పరీక్షిస్తే వాటి రసాయన రకాలే వేరని తేలింది.

ఇక పాఠకుడికి జవాబు. అగ్నిగోళం కనిపిస్తే ముందు సమయం రాసుకోండి. నిలబడిన చోటు నుంచి కదలకుండా, అది మొదలైన, ఆరిపోయిన బిందువులు ఏ దిక్కున ఉన్నాయో గుర్తించండి. చేయి చాచి పిడికిలి పడితే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు, దానితో ఎత్తు కొలవండి. ఉరుము లాంటి శబ్దం వినిపిస్తే ఎన్ని సెకన్ల తర్వాతో రాయండి. 2013లో రష్యాలోని చెల్యబిన్స్క్‌లో వెలుగు కనిపించిన రెండు నిమిషాలకు పైగా గడిచాకే ఆ శబ్ద తరంగం తాకి కిటికీ అద్దాలు పగిలాయి. ఈ వివరాలను అంతర్జాతీయ ఉల్కా సంస్థకు పంపితే, మీ గోడకు ఇంకొకరి గోడ జతపడుతుంది.