పెట్రోల్ ముల్లు ఎటువైపు అబద్ధం ఆడుతోంది?

చీరాల నుంచి బాపట్ల వస్తున్నాం. ఈపూరుపాలెం దాటి, స్టువర్టుపురం ఇంకా రాకముందే బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ముల్లు చూస్తే సగం దగ్గర నిక్షేపంగా నిలబడి ఉంది. "అర ట్యాంకు ఉందిగా బావా, ప్లగ్గేమో చూడు" అన్నాడు వెనకాల కూర్చున్న మా బావమరిది. ప్లగ్గు విప్పాం, తుడిచాం, బిగించాం, కిక్కు కొట్టీ కొట్టీ కాలు పీకింది. చివరికి మూత తీసి ఫోన్ లైటు వేసి చూస్తే ట్యాంకు అడుగున రేకు మెరుస్తోంది, చుక్క లేదు. పోన్లే రిజర్వుకి తిప్పుదాం అని ట్యాంకు కింద ఉండే కాక్ (పెట్రోల్ కుళాయి) మీద చెయ్యి వేస్తే అది ముందే రిజర్వులో ఉంది.

బండి మా తమ్ముడిది. వాడు కువైట్ వెళ్ళి ఏడాదిన్నర అయింది, అప్పటి నుంచీ వరండాలో దుప్పటి కప్పుకుని పడుకుంది. కాక్‌ని రిజర్వులో పెట్టి వదిలేసి వెళ్ళింది వాడే.

రిజర్వు అంటే లోపల వేరే చిన్న ట్యాంకు ఉంటుందని చాలామంది అనుకుంటారు, నేనూ కాలేజీ రోజుల దాకా అలాగే అనుకున్నాను. అలాంటిదేమీ లేదు. కాక్‌కి ట్యాంకు లోపల రెండు దారులుంటాయి, ఒకటి పొడుగు గొట్టం, ఒకటి అడుగుకి దగ్గరగా పొట్టిది. మామూలుగా పొడుగు గొట్టం తాగుతుంది, పెట్రోల్ దాని మూతి కిందకి దిగగానే బండి దగ్గుతుంది, అప్పుడు మీరు పొట్టిదానికి తిప్పుతారు. ఒక రకంగా అదే అసలు గేజ్, కరెంటు అక్కర్లేదు, చెడిపోయేదేమీ లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్‌-6 పొగ నిబంధనలు వచ్చాక మన బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయాయి, దాంతో ఈ కాక్ పోయింది. వాటిలో పంపు ట్యాంకులోనే పెట్రోల్‌లో మునిగి ఉంటుంది, దానికి చల్లదనం కూడా ఆ పెట్రోలే, అందుకే అస్తమానం అడుగంటేదాకా నడిపితే పంపు ఆయుష్షు తగ్గుతుంది. అంటే కొత్త బండి ఉన్నవాళ్ళు ముల్లునో గీతలనో నమ్ముకోవడం తప్ప గత్యంతరం లేదు.

తోసుకుంటూ వెళ్ళి ఎలాగో పెట్రోల్ పోయించి, మర్నాడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అతను ట్యాంకు వైపు కూడా చూడలేదు. "మీటరు పోయింది సారూ, సెట్టు మార్చాలి" అన్నాడు. మీటరు సెట్టు అంటే స్పీడోమీటరుతో కలిపి మొత్తం, ధర విన్నాక నేనే ఒకసారి చూసుకుందామనిపించింది.

ఇంతకీ ఆ ముల్లు పెట్రోల్‌ని కొలవదు. దానికి పెట్రోల్ సంగతే తెలియదు. ట్యాంకులో ఒక బెండులాంటి తేలే ముక్క ఉంటుంది, మెకానిక్‌లు ఫ్లోట్ అంటారు, దానికి ఒక సన్నటి కడ్డీ, ఆ కడ్డీ రెండో చివర ఒక చిన్న పలక మీద రాసుకుంటూ జరుగుతుంది. ఆ పలక మీద కరెంటుని అడ్డుకునే పూత ఉంటుంది. కడ్డీ ఎక్కడ ఆనుతోందన్నదాన్ని బట్టి కరెంటుకి దారి పొడుగో పొట్టో అవుతుంది, నిరోధం మారుతుంది, దాంతో మీటరులోని తీగచుట్టల్లో పారే కరెంటు మారి ముల్లు కదులుతుంది. జార్జ్ ఓమ్ 1827లో చెప్పిన సూత్రం, పదో తరగతి ఫిజిక్స్, అంతకు మించి ఏమీ లేదు. పాత ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినట్టే, కాకపోతే ఇక్కడ తిప్పేది పెట్రోల్.

జపాన్ తరహా బండ్లు చాలావాటిలో ట్యాంకు నిండితే ఈ నిరోధం 10 ఓమ్‌ల లోపు, ఖాళీ అయితే 90 నుంచి 100 దాకా ఉంటుంది. మా బండికి తర్వాత నేను కొలిస్తే నిండుకి 8, సగానికి 36, ఖాళీకి 97 వచ్చాయి. కొన్ని కంపెనీల బండ్లలో ఇది తిరగబడి ఉంటుంది, కాబట్టి మీ బండి సర్వీస్ మాన్యువల్ ఒకసారి చూసుకోండి.

ఈ "నిండితే తక్కువ, ఖాళీ అయితే ఎక్కువ" అనే అమరికలో ఒక చక్కటి తెలివి ఉంది. వైరు తెగిందనుకోండి, నిరోధం అనంతం, ముల్లు ఖాళీ అంటుంది. వైర్లని కలిపే కప్లర్ వదులైనా, ఎర్త్ (కరెంటు ఫ్రేములోకి తిరిగిపోయే దారి) సరిగ్గా తగలకపోయినా, పలక మీద మురికి పట్టినా నిరోధం పెరిగేదే కానీ తగ్గదు, ముల్లు ఉన్నదానికంటే తక్కువే చూపిస్తుంది. ఫ్లోట్‌కి చిల్లుపడి పెట్రోల్ తాగి మునిగిపోయినా ఖాళీ అనే చూపిస్తుంది. అంటే నూటికి తొంభై రోగాల్లో ముల్లు మిమ్మల్ని అనవసరంగా బంకుకి తోలుతుందే తప్ప రోడ్డు మీద వదిలెయ్యదు.

మరి నన్నెందుకు వదిలేసింది? ఉన్నదానికంటే ఎక్కువ చూపించాలంటే కారణాలు చాలా తక్కువ. వైరు ఎక్కడో ఒరుసుకుని తోలు ఊడి ఫ్రేముకి తగులుతుంటే కరెంటు అడ్డదారిలో ఎర్త్‌కి పోతుంది, నిరోధం సున్నా, ముల్లు ఎప్పుడూ ఫుల్. ట్యాంకు విప్పి మళ్ళీ బిగించినప్పుడు కింద వైరు నలిగితే వచ్చేది ఇదే. లేదా కడ్డీ ఎక్కడో ఇరుక్కుపోవాలి. నా ముల్లు ఫుల్ దగ్గర లేదు, సగం దగ్గర ఉంది, ఎంత పోసినా, ఎంత తాగినా సగమే. విప్పకముందే అనుమానం కడ్డీ మీదికి పోయింది.

అయినా అనుమానానికి రుజువు కావాలి కదా. ట్యాంకు కింద నుంచి రెండు వైర్లు వచ్చి ఒక చిన్న కప్లర్‌లో కలుస్తాయి. ఈ రోగ నిర్ధారణ మొత్తానికి అదే నడిమి గుమ్మం, అక్కడ నిలబడితే తప్పు మీటరు వైపుందో ట్యాంకు వైపుందో తేలిపోతుంది. కప్లర్ ఊడదీసి తాళం ఆన్ చేశాను, ముల్లు మెల్లగా ఖాళీకి దిగింది. మీటరు వైపు వైర్లు రెండిటినీ చిన్న తీగ ముక్కతో కలిపాను, అంతే మెల్లగా ఫుల్‌కి ఎక్కింది. ఎక్కగానే తీగ తీసెయ్యాలి, అలాగే వదిలేస్తే లోపలి చుట్టలు వేడెక్కి నిజంగానే మీటరు పోతుంది. ముల్లు నిదానంగా కదలడం జబ్బు కాదు, చాలా మీటర్లలో దాని ఇరుసుకి చిక్కటి సిలికాన్ నూనె ఉంటుంది, గుంతల్లో పెట్రోల్ కుదుపుకి ముల్లు ఎగిరెగిరి పడకుండా.

అంటే మీటరు బాగుంది, అక్కడి దాకా వచ్చే వైరూ బాగుంది. రెండు నిమిషాల పని, మీటరు సెట్టు డబ్బులు మిగిలాయి.

ఇక ట్యాంకు వైపు వైర్లకి నిరోధం కొలిచే మల్టీమీటర్ పెడితే 52 ఓమ్‌లు. బండిని ఊపాను, 52. సెంటర్ స్టాండ్ నుంచి దించి సైడ్ స్టాండ్ మీదికి వాల్చాను, 52. రెండు లీటర్లు పోశాను, అదే 52. తేలే వస్తువు ఇంత బెట్టుగా కూర్చోదు. ఇంకో చిన్న సంగతి, కప్లర్ పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. మాది సముద్రం గాలి, ఇత్తడి అన్నాక చిలుము పట్టాల్సిందే. గీకి శుభ్రం చేస్తే 52 కాస్తా 36 అయింది. అంటే చిలుము ఒక్కటే 16 ఓమ్‌లు మింగుతోంది! ఇది ఖాళీ దగ్గర పెద్దగా తెలియదు, 97 కాస్తా 113 అయితే ముల్లుకి ఒరిగేదేమీ లేదు, కానీ ఫుల్ దగ్గర 8 కాస్తా 24 అయితే మాత్రం నిండు ట్యాంకుని ముప్పావు కంటే తక్కువ అని చూపిస్తుంది. "ఫుల్ కొట్టించినా ముల్లు పైదాకా పోవట్లేదు, బంకువాడు మోసం చేశాడు" అని మనం తిట్టుకునే సందర్భాల్లో కొన్నిటికి కారణం ఈ చిలుమే అయ్యుండొచ్చు. కొన్నిటికే లెండి.

అలాగే ఇండికేటర్ వేసినప్పుడల్లా ముల్లు దాంతో పాటు తలాడిస్తోందంటే ట్యాంకు జోలికి పోవద్దు. రెండూ ఒకే ఎర్త్ పంచుకుంటున్నాయి, ఆ ఎర్త్ సరిగ్గా తగలట్లేదు, ముందు ఆ బోల్టు వెతికి తుప్పు గీకి బిగించండి.

ట్యాంకు ఖాళీ చేసి, ఫ్లోటూ కడ్డీ పలకా కలిసి ఉండే యూనిట్ విప్పే పనికి సాయంత్రం కూర్చున్నాను, వరండాలో. పెట్రోల్‌లో కరెంటు వైరు ముంచి పెట్టడమేంటి, పేలదా అని మా బావమరిది అడిగాడు. మంచి ప్రశ్నే. పెట్రోల్ ఆవిరి గాలిలో సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. మూసి ఉన్న ట్యాంకులో, మన ఎండలకి, ఆవిరి అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది, మండడానికి గాలి చాలదు. పైగా ఆ తీగల్లో పారే కరెంటు కూడా చాలా తక్కువ. ప్రమాదమంతా మూత తీశాకే, ఆవిరి బయటికొచ్చి గాలితో కలిశాకే. అది గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, పొగలా పైకి పోదు, నేల మీద నీళ్ళలా పారుతుంది. ఈ మాట చెబుతూనే తలెత్తి చూస్తే పది అడుగుల దూరంలో తులసికోట, అమ్మ అగ్గిపెట్టెతో వస్తోంది. "అమ్మా, ఆగు ఆగు!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. ఆ పూట దీపం కాస్త ఆలస్యమైంది, పని మర్నాడు పొద్దున బయట ఖాళీ స్థలంలో చేసుకున్నాం.

నాలుగు నట్లు విప్పి, కడ్డీ వంగకుండా యూనిట్‌ని ఏటవాలుగా తిప్పుతూ బయటికి తీస్తే సంగతి కళ్ళ ముందే ఉంది. కడ్డీ ఇరుసు చుట్టూ ఎండిపోయిన బెల్లం పాకంలా గోధుమరంగు జిగురు. పెట్రోల్ నెలల తరబడి కదలకుండా ఉంటే తేలికైనవి ఆవిరైపోతాయి, మిగిలినవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారతాయి. తమ్ముడు వెళ్ళేనాటికి ట్యాంకు సగం ఉన్నట్టుంది, కడ్డీ అక్కడే అతుక్కుపోయింది. ఏడాదిన్నర నాటి పెట్రోల్ మట్టాన్నే ఆ ముల్లు నాకు చూపిస్తూ వచ్చింది. కార్బురేటర్ క్లీనర్ కొట్టి కాసేపు నాననిచ్చి, వేలితో మెల్లగా ఆడిస్తే వదిలింది.

వదిలింది కదా అని వెంటనే బిగించెయ్యకండి. మల్టీమీటర్ పెట్టి కడ్డీని కింది నుంచి పైదాకా చాలా నిదానంగా జరపండి, అంకె ఒక వరుసలో తగ్గుతూ రావాలి. మాది పావు దగ్గరికి రాగానే ఒక్కసారి ఆకాశానికి ఎగిరి మళ్ళీ దిగింది. (ఇలాంటి గెంతులు పట్టుకోవడానికి ముల్లున్న పాత మల్టీమీటరే మేలు, డిజిటల్‌లో అంకె మారేలోపు గెంతు దాటిపోతుంది.) అక్కడ పలక మీద నల్లటి మచ్చ. ఈ పలకల్లో వెండి కలిసిన పూత వాడతారు, పెట్రోల్‌లో ఉండే గంధకానికి వెండి అంటే ప్రాణం. వెండి పట్టీలు నల్లబడేది ఎందుకో ఇదీ అందుకే, సిల్వర్ సల్ఫైడ్. 2004 మే నెలలో అమెరికాలో గంధకం మోతాదు తప్పిన పెట్రోల్ లూసియానా, ఫ్లోరిడా బంకుల్లోకి వెళ్ళి, బోలెడు కార్ల గేజ్‌లు ఇలాగే పిచ్చిపట్టినట్టు చూపించడం మొదలుపెట్టాయి, అమ్మకాలు ఆపాల్సి వచ్చింది. మన దగ్గర బీఎస్‌-4లో కిలోకి 50 మిల్లీగ్రాముల దాకా ఉండనిచ్చిన గంధకాన్ని బీఎస్‌-6లో 10కి దించారు, గేజ్‌లకి కాస్త ఊరట. ఇథనాల్ కలపడం వల్ల మాత్రం తేమ గొడవ ఉంది, అది గాలిలోని తేమని లాక్కుంటుంది, నీళ్ళు మరీ ఎక్కువైతే ఇథనాల్‌ని తోడు తీసుకుని అడుక్కి దిగుతాయి, తుప్పు అక్కడ మొదలవుతుంది. బండి వాడకుండా నెలలు ఉంచేవాళ్ళు దీన్ని పట్టించుకోవాలి.

మచ్చని పెన్సిల్ రబ్బరుతో, ఒత్తిడి లేకుండా, నాలుగైదు సార్లు రుద్దాను, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. ఇసుక కాగితం తాకించొద్దు, మచ్చతో పాటు పూత కూడా పోతుంది. పూతే అరిగిపోయి గాడి పడితే యూనిట్ మార్చడం తప్ప దారి లేదు. ఫ్లోట్‌ని ఒక గ్లాసు పెట్రోల్‌లో వేసి తేలుతోందో లేదో కూడా చూశాను. నీళ్ళలో తేలితే సరిపోదు, లీటరు పెట్రోల్ బరువు ముప్పావు కిలోకి అటూ ఇటూ, నీళ్ళలో తేలేదల్లా అందులో తేలాలని లేదు.

బిగించాక ఒక్కో లీటరు పోస్తూ ముల్లు ఎక్కడుందో కాగితం మీద రాసుకున్నాను. పదకొండు లీటర్ల ట్యాంకులో మొదటి లీటరుకి కదలనే లేదు, తొమ్మిదో లీటరుకే ఫుల్ చూపించింది, ఆ పైన రెండు లీటర్లు లెక్కలో లేవు. ఫ్లోట్ ట్యాంకు కప్పుకి ముందే తగిలిపోతుంది, అదీ కారణం. "ఫుల్ దగ్గర చాలాసేపు ఉండి, సగం నుంచి జర్రున దిగిపోతోంది" అన్న ఫిర్యాదుకి జవాబు సగం ఇందులో ఉంది, మిగతా సగం ట్యాంకు ఆకారంలో. ట్యాంకు పెట్టెలా ఉండదు, ఫ్రేము మీద గుర్రపు జీనులా రెండు వైపులా వేలాడుతుంది, పైన వెడల్పు, అడుగున రెండు ఇరుకు సంచులు. ఫ్లోట్ ఒక్కటే, ఉండేది ఒక్క సంచిలోనే. సైడ్ స్టాండ్ వేస్తే పెట్రోల్ ఎడమకి జారుతుంది, ఫ్లోట్ ఏ వైపు ఉందన్నదాన్ని బట్టి ముల్లు కాస్త ఎక్కువో తక్కువో చూపిస్తుంది. గేజ్ పాడైందో లేదో తేల్చేది సెంటర్ స్టాండ్ మీదే.

ఆ కాగితం మడిచి సీటు కింద టూల్ కిట్‌లో పెట్టాను, తమ్ముడు వచ్చాక చూసుకుంటాడు. కాక్ కూడా ఆన్‌లోకి తిప్పాను. పని అయిపోయిందనుకుంటే మర్నాడు పొద్దున వరండా అంతా పెట్రోల్ వాసన. యూనిట్ కింద ఉండే రబ్బరు రింగు పాతదే వేసి బిగించాను, ఏళ్ళ తరబడి పెట్రోల్‌లో ఉబ్బిన రింగు ఒకసారి విప్పాక మళ్ళీ అతకదు. మళ్ళీ ట్యాంకు ఖాళీ చేసి, కొత్త రింగు తెచ్చి, నాలుగు నట్లూ ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించేసరికి మధ్యాహ్నం దాటింది.