బాత్రూమ్ జాలీ దగ్గర లీకేజీ: అపోహలు - వాస్తవాలు

అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ లీకేజీ పనులు చేస్తుంటాను. కింది ఫ్లోర్ వాళ్ల సీలింగ్‌లో చెమ్మ కనిపించగానే పై ఇంటివాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. ఒకరు టైల్స్ మొత్తం తీసెయ్యమంటారు. ఇంకొకరు జాలీ చుట్టూ కాస్త వైట్ సిమెంట్ పూస్తే సరిపోతుందంటారు. చాలాసార్లు ఈ రెండూ తప్పు సలహాలే. స్నానం చేసే చోట జాలీ దగ్గర సీల్ అరిగిపోతే, ఇంట్లోనే మామూలు పనిముట్లతో మళ్లీ వేసుకోవచ్చు. కాకపోతే నీళ్లు అసలు ఎక్కడ దిగుతున్నాయో ముందు తెలియాలి, పని చేసే చోటు పూర్తిగా ఆరాలి. ఇందులో ఏది తప్పినా, ఎంత ఖరీదైన ట్యూబ్ వాడినా డబ్బు దండగే.

అపోహ: జాలీ అంచు నుంచే నీళ్లు దిగుతాయి, అక్కడ పూస్తే చాలు.

పైకి కనిపించే జాలీ ఒక మూత మాత్రమే. దాని ఫ్రేమ్ టైల్స్ మధ్య సిమెంట్‌లో కూర్చుని ఉంటుంది. అసలు నీళ్లు పోయే నాని ట్రాప్ (వాసన పైకి రాకుండా కొంచెం నీళ్లు నిలిపి ఉంచే ప్లాస్టిక్ భాగం) మూతి దానికి ఇంకా కింద ఉంటుంది. కొన్ని ఇళ్లలో అంగుళం లోతు, కొన్నిట్లో మూడు నాలుగు అంగుళాలు. ఫ్రేమ్‌కీ ట్రాప్ మూతికీ మధ్య ఉన్న భాగంలో పైపు ముక్క పెట్టి తీరాలి. కానీ నేను తెరిచి చూసే బాత్రూమ్‌లలో ఎక్కువగా అక్కడ ఉండేది ఉత్త సిమెంట్ మాలు. టైల్స్ వేసిన రోజు చేత్తో అద్ది వదిలేసిన మాలు.

రోజూ సబ్బు నీళ్లు, వేడి నీళ్లు, అప్పుడప్పుడూ ఆసిడ్ ఆ మాలు మీదుగానే పోతాయి. కొన్నేళ్లకు అది కొట్టుకుపోయి, ప్లాస్టిక్ మూతి చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది. నీళ్లలో కొంత భాగం ట్రాప్‌లో పడకుండా ఆ ఖాళీలోంచి టైల్స్ కిందకు జారుతుంది. పైన ఫ్రేమ్ అంచు చుట్టూ మీరు ఎంత అందంగా సిలికాన్ గీత గీసినా దీనికి సంబంధం లేదు. నీళ్లు ఆ గీతను దాటి లోపలికి దిగాకే కదా పక్కకు పోయేది.

జాలీ పైకి తీసి, ఫోన్ టార్చ్ వేసి లోపల చూడండి. స్క్రూడ్రైవర్ మొనతో మాలు చుట్టూ మెల్లగా గీకండి. ఇసుకలా రాలినా, మొన లోపలికి దిగిపోయినా అనుమానించాల్సిన చోటు అదే.

అపోహ: వాడినప్పుడే చెమ్మ వస్తోంది కాబట్టి జాలీ లీకేజీ ఖాయం.

ఖాయం కాదు. వాడినప్పుడు పెరుగుతోందంటే గోడలోని ప్రెషర్ పైపు (కుళాయిలకు నీళ్లు తెచ్చే, ఎప్పుడూ నిండుగా ఉండే పైపు) కాదని మాత్రం కొంత ధైర్యం చెప్పుకోవచ్చు. బాత్రూమ్ మూడు నాలుగు రోజులు వాడకపోయినా కింద అదే జోరుగా కారుతుంటే ప్రెషర్ పైపును అనుమానించాలి. వాడినప్పుడే వస్తే మూడు చోట్లు మిగులుతాయి: ట్రాప్ లేదా దాని పైపు జాయింటు, జాలీ కింది మాలు, టైల్స్ జాయింట్లు. వీటిని విడదీసే పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు.

మొదట ఫ్లోర్ పొడిగా ఉంచండి. ఒక రబ్బరు పైపును ట్రాప్ మూతి లోపలికి దింపి, మాలుకు తగలకుండా నాలుగైదు బకెట్ల నీళ్లు నేరుగా పంపండి. కింద కారితే తేడా ట్రాప్‌లోనో పైపులోనో ఉంది. అప్పుడు ఇంట్లో చేసే సీల్ పనికిరాదు, ప్లంబర్‌ను పిలవాల్సిందే.

కారకపోతే మరునాడు ట్రాప్ మూతిని టెస్ట్ ప్లగ్‌తో (పైపు మూతిని మూసే రబ్బరు బిరడా) బిగించండి. అది దొరక్కపోతే మందపాటి పాలిథిన్ కవర్లో తడి ఇసుక పోసి మూటకట్టి నొక్కి పెట్టవచ్చు. ప్లగ్ సందుల్లోంచి నీళ్లు జారడం లేదని చూసుకున్నాక, జాలీ గుంత వరకే నీళ్లు నింపండి, టైల్స్ మీదకు రానివ్వకండి. లోపలి అంచు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి నాలుగైదు గంటలు వదిలేయండి. మట్టం దిగితే లీకేజీ మాలులోనే. దిగకపోతే ఫ్లోర్ మీద అంగుళం ఎత్తు నీళ్లు నిలిపి 24 గంటలు చూడండి. ఇప్పుడు దిగితే టైల్స్ జాయింట్లో, గోడ మూలలో కారణం. ఈ వరస మార్చకండి. మొదటే ఫ్లోర్ నింపేస్తే ఎక్కడ దిగుతోందో ఎవరికీ అర్థం కాదు, పైగా కింది ఇంటివాళ్లతో ఇంకో గొడవ.

అపోహ: వైట్ సిమెంట్ వాటర్‌ప్రూఫ్.

కాదు. వైట్ సిమెంట్ కూడా పోర్ట్‌లాండ్ సిమెంటే, ఇనుము పాలు తక్కువగా ఉండే ముడిపదార్థాలతో చేస్తారు కాబట్టి తెల్లగా ఉంటుంది. ఆరేటప్పుడు కుంచించుకుపోయి వెంట్రుకవాసి పగుళ్లు ఇస్తుంది. నున్నటి పీవీసీని గట్టిగా పట్టుకోదు. గీజర్ నీళ్లు పడ్డప్పుడు పీవీసీ సాగుతుంది, చల్లారాక ముడుచుకుంటుంది. వేడికి పీవీసీ సాగే తీరు కాంక్రీటు కంటే సుమారు ఐదారు రెట్లు ఎక్కువ. ఈ రెండింటి మధ్య బిగుసుకుపోయే పదార్థం ఏది పెట్టినా రోజూ లాగుడుకు గురై ఒక రోజు విడిపోతుంది. ఎం-సీల్ లాంటి ఎపాక్సీ ముద్దలకూ ఇదే వర్తిస్తుంది. పైపుకు చిల్లి పడితే అవి బాగా పనికొస్తాయి, కదిలే జాయింటుకు కాదు.

కాబట్టి ప్లాస్టిక్ మూతి చుట్టూ సాగే గుణం ఉన్న సీలెంట్ ఉండాలి. పైన టైల్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య ఎపాక్సీ గ్రౌట్ (రెండు భాగాలు కలిపి టైల్స్ సందుల్లో నింపే ముద్ద) ఉండాలి. రెండు చోట్లా ఒకే పదార్థం పూయడం తప్పు.

అపోహ: సిలికాన్ అంటే అన్నీ ఒకటే.

ట్యూబ్ నొక్కగానే వెనిగర్ వాసన వస్తే అది అసిటాక్సీ రకం. గాజుకు, సిరామిక్ టైల్‌కు బాగుంటుంది. కానీ సిమెంట్ మీద, మార్బుల్ మీద సరిగ్గా పట్టదు, కొన్ని లోహాలను తినేస్తుంది. జాలీ కింద సిమెంట్ మాలు ఉంటుంది కాబట్టి న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న ట్యూబ్ కొనండి. నల్ల బూజు పట్టకుండా శానిటరీ గ్రేడ్ ఉంటే ఇంకా మంచిది. షాపులో అక్రిలిక్ సీలెంట్ ఇస్తే వద్దనండి, అది కిటికీ అంచులకే గానీ నీళ్లు నిలిచే చోటికి కాదు.

నా వరకు జాలీ కింద భాగానికి పాలియురేథేన్ సీలెంట్‌నే ఇష్టపడతాను. సిమెంట్‌ను గట్టిగా పట్టుకుంటుంది. సిలికాన్‌తో ఇంకో ఇబ్బంది కూడా ఉంది: ఒకసారి అంటిన చోట తర్వాత ఇంకేదీ పట్టదు. గ్రౌట్ పట్టదు, పెయింట్ పట్టదు, చివరికి కొత్త సిలికాన్ కూడా పాత సిలికాన్ మీద నిలవదు. అందుకే పాతదాని మీద ఇంకో కోటు వేయడం పని కాదు. ప్రతి పొరనూ బ్లేడుతో గీకి తీయాల్సిందే.

అపోహ: సీల్ వేయడం అరగంట పని.

ట్యూబ్ నొక్కడం అరగంట కూడా పట్టదు. దానికి ముందు పని మూడు నాలుగు రోజులు తీసుకుంటుంది. ఇంట్లో ఒకటే బాత్రూమ్ ఉన్నవాళ్లకు కష్టమని తెలుసు, అయినా ఇక్కడ తొందరపడితే మళ్లీ మొదటికే వస్తుంది.

ముందుగా ట్రాప్ మూతిలో గుడ్డ కుక్కండి, రాలిన మాలు లోపల పడితే పైపు మూసుకుపోతుంది. సన్న ఉలితో వదులుగా ఉన్న మాలు అంతా తీసేయండి, గట్టి భాగం తగిలేదాకా. ప్లాస్టిక్ మూతి మీద సుత్తి దెబ్బ పడకూడదు, పగిలితే పని ఇంకో స్థాయికి పోతుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో తెల్లటి ఉప్పు పొర గట్టిగా పేరుకుని ఉంటుంది, వైర్ బ్రష్‌తో అదీ పోవాలి. పీవీసీ అంచును గరుకు కాగితంతో రుద్ది మెరుపు పోగొట్టండి.

తర్వాత ఆరబెట్టడం. కనీసం రెండు రోజులు ఫ్యాన్ పెట్టండి. పైకి పొడిగా ఉందని నమ్మకండి. రాత్రి ఆ చోట పాలిథిన్ షీట్ పరిచి, అంచులు టేపుతో అంటించి, పొద్దున చూడండి. షీట్ లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే ఇంకా తడి ఉన్నట్టు. మరో రోజు ఆగాలి.

మాలు పోయిన ఖాళీ పెద్దదైతే, లేటెక్స్ కలిపిన సిమెంట్ మాలుతో మళ్లీ నింపండి. మూతి బాగా లోతులో ఉంటే, ఫ్రేమ్ దాకా వచ్చేలా పీవీసీ రైజర్ ముక్కను (ఎత్తు పెంచే పైపు ముక్క) సాల్వెంట్ సిమెంట్‌తో, అంటే పీవీసీ పైపులు అతికించే గమ్‌తో, అతికించాకే మాలు పోయాలి. ప్లాస్టిక్ చుట్టూ 8 మిల్లీమీటర్ల వెడల్పు గాడి వదలండి. మాలు గట్టిపడి ఆరాక, గాడి అడుగున సన్నటి ఫోమ్ తాడు పెట్టి, పైన 6 మిల్లీమీటర్ల మందం సీలెంట్ నింపండి. ఫోమ్ తాడును చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే సీలెంట్ రెండు పక్కలతో పాటు అడుగునా అతుక్కుంటుంది. అప్పుడు రెండు పక్కలా కదలిక వచ్చినప్పుడు సాగే వీలు లేక చిరుగుతుంది. సీలెంట్ వేసేముందు రెండు పక్కలనూ స్పిరిట్‌తో తుడవాలి, సబ్బు జిడ్డు మీద ఏదీ అంటదు.

సిలికాన్ వాడుతుంటే టైల్ అంచులకు ముందే మాస్కింగ్ టేప్ వేయండి. అక్కడ తర్వాత ఎపాక్సీ వేయాలి కదా. సీలెంట్ ఆరాక ఫ్రేమ్ కూర్చోబెట్టి చుట్టూ ఎపాక్సీ గ్రౌట్ నింపండి. దాని చుట్టూ రెండడుగుల మేర టైల్స్ జాయింట్లు కూడా తవ్వి అదే గ్రౌట్ పెడితే పని పూర్తి. ఎపాక్సీని ప్యాకెట్‌లోని కొలతలతోనే కలపాలి. హార్డ్‌నర్ (గట్టిపరిచే రెండో భాగం) ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందని వేస్తుంటారు, అది సరిగ్గా గట్టిపడదు. కలిపిన ముద్ద కొద్దిసేపట్లోనే బిగుస్తుంది, కొంచెం కొంచెంగా కలుపుకోండి.

అపోహ: వానాకాలంలో సీల్ వేయకూడదు.

సిలికాన్, పాలియురేథేన్ రెండూ గాలిలోని తేమను తీసుకునే గట్టిపడతాయి. కాబట్టి గాలిలో తేమ వాటికి శత్రువు కాదు. అంటించే చోటు తడిగా ఉండటమే సమస్య, వానాకాలంలో ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది. సీలెంట్ పైపొర గంటలోపే ముట్టుకుంటే అంటనంతగా అవుతుంది కానీ, లోపలికి రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పునే గట్టిపడుతుంది. 6 మిల్లీమీటర్ల మందానికి మూడు రోజులు నీళ్లు తగలనివ్వకండి.

అపోహ: వారానికోసారి ఆసిడ్‌తో కడిగితే జాలీ శుభ్రంగా ఉంటుంది.

షాపుల్లో ఇచ్చే టాయిలెట్ ఆసిడ్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్. పోయగానే నురగ వస్తుంది చూశారా, అక్కడ ఉప్పు పొరతో పాటు టైల్స్ మధ్య సిమెంట్, జాలీ కింది మాలు కూడా కరుగుతున్నాయి. నేను చూసిన అరిగిన సీల్‌లలో ఎక్కువ వాటికి వయసు కంటే ఆసిడే కారణం. ఇంకో మాట, ఇది లీకేజీ కంటే ముఖ్యం: ఆసిడ్‌నూ బ్లీచింగ్‌నూ ఎప్పుడూ కలపకండి, ఒకటి పోసిన వెంటనే రెండోది పోయకండి. క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. కిటికీ లేని చిన్న బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదకు తెస్తుంది.

అపోహ: వాసన వస్తోందంటే సీల్ పోయింది.

వాసనను ఆపేది ట్రాప్‌లో నిలిచే నీళ్లు, సాధారణంగా 50 మిల్లీమీటర్ల ఎత్తు. వాడని బాత్రూమ్‌లో ఎండాకాలం అవి ఆవిరైపోతాయి. ఒక మగ్గు నీళ్లు పోస్తే వాసన పోతుంది. నీళ్లు తొందరగా పోవడం లేదని ట్రాప్‌లో వాసనను ఆపే లోపలి గిన్నెను తీసి పారేసే ఇళ్లు కూడా ఉన్నాయి. అలాంటి చోట వాసనతో పాటు బొద్దింకలు కూడా పైకి వస్తాయి. గిన్నె తిరిగి పెట్టి, జుట్టు తీసేయండి. జుట్టు అడ్డుపడితే నీళ్లు జాలీ గుంతలో నిలిచిపోయి, చిన్న పగులున్నా అందులోంచి గంటల తరబడి దిగుతుంటాయి. నెలకోసారి జుట్టు తీయడం సీల్‌కూ మేలు.

అపోహ: కింది సీలింగ్‌కు వాటర్‌ప్రూఫ్ పుట్టీ, పెయింట్ వేస్తే సరిపోతుంది.

దాంతో మరక కనిపించదు, నీళ్లు మాత్రం స్లాబ్‌లోనే ఉంటాయి. చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు, ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమించి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. పెచ్చులు ఊడటం అలా మొదలవుతుంది. కింది ఇంటివాళ్లు పెయింట్ వేయిస్తామంటే, పైన పని అయ్యి సీలింగ్ ఆరేదాకా ఆగమని చెప్పండి.

అపోహ: సీల్ వేశాక కూడా కారుతోందంటే పని ఫెయిలైనట్టే.

ఈ కంగారుతోనే బాగా వేసిన సీల్‌ను పగలగొట్టిస్తారు. చాలా అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ స్లాబ్‌ను అడుగు దాకా కిందకు దించి, ఆ గుంతలో ఇటుక ముక్కలో, బూడిదో నింపి పైన టైల్స్ వేస్తారు. ఏళ్లుగా దిగిన నీళ్లన్నీ ఆ నింపుడులో నిలిచి ఉంటాయి. పై నుంచి కొత్త నీళ్లు ఆగినా, పాతవి కొన్ని వారాలపాటు కారుతూనే ఉంటాయి.

అందుకని సీల్ వేసిన రోజే కింది సీలింగ్ మీద చెమ్మ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి, ఫోటో కూడా తీసి కింది ఇంటివాళ్లకు పంపండి. వారానికోసారి చూడండి. చెమ్మ గీత లోపలికి తగ్గుతుంటే ఓపిక పట్టండి. నాలుగైదు వారాల తర్వాత కూడా గీత దాటి పెరుగుతుంటే, రబ్బరు పైపు పరీక్ష మళ్లీ చేయండి. ఈసారి ఎక్కువ నీళ్లు, గీజర్ వేడి నీళ్లు కూడా పంపి చూడండి. చన్నీళ్లకు కారని పైపు జాయింటు వేడి నీళ్లకు కారడం నేను చూశాను.