చిత్తూరు సీమ ఆడవాళ్లు చదివిన నవలలు

తిరుపతిలో సాయంత్రం పూట మహిళా విశ్వవిద్యాలయం ఎదుట బస్సు కోసం నిలుచున్న అమ్మాయిలలోనూ, కూరగాయల సంచి ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చున్న గృహిణులలోనూ ఫోనులో కథలు చదువుకుంటున్నవారు ఇప్పుడు తరచుగా కనిపిస్తారు. ఆ కథలలో ఎక్కువ భాగం ప్రేమ, పెళ్లి, అపార్థం, ఎడబాటు, చివరకు కలయిక చుట్టూ తిరుగుతాయి. కష్టాలలో పడిన ఒక స్త్రీ ఎవరి దయాదాక్షిణ్యాలూ లేకుండా నిలదొక్కుకోవడం మిగిలిన వాటి కథ. "ఎప్పుడు చూసినా ఆ పిచ్చి కథలేనా" అని ఇంట్లో పెద్దవాళ్లు విసుక్కోవడం, ఇటువంటి పుస్తకాలకు గ్రంథాలయాల డబ్బు దండగ అని చదువుకున్నవారు అనడం కూడా వినిపిస్తూనే ఉన్నాయి. ఈ విసుగుకు చాలా వయసుంది. ఏ చదువు మీద దాన్ని చూపుతున్నారో ఆ చదువుకు అంతకంటే ఎక్కువ వయసుంది.

ఈ ప్రాంతంలో స్త్రీ రాసిన ప్రేమకథ అనగానే మొదట తలచుకోవలసిన పేరు తాళ్లపాక తిమ్మక్క. అన్నమాచార్యుల భార్య అయిన ఆమె 15వ శతాబ్దంలో ద్విపదలో రాసిన సుభద్రా కల్యాణం, అర్జునుడినీ సుభద్రనూ కలిపిన వలపు కథ. పాడుకోవడానికి వీలైన ఛందస్సు, నోటికి వచ్చే తేట తెలుగు, పెళ్లితో ముగిసే కథ అనే మూడూ అందులో ఉన్నాయి. ఆ తరువాత వాయల్పాడు దగ్గరి తరిగొండలో పుట్టి, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, ఊరి ఆంక్షలను ఎదిరించి తిరుమల చేరిన వెంగమాంబ వేంకటాచల మాహాత్మ్యం రాసింది. ఆమె 1817లో మరణించింది. వేటకు వచ్చిన శ్రీనివాసుడు నారాయణవనం రాజకుమారి పద్మావతిని చూసి మనసు పడడం, ఎరుకలసాని వేషంలో వెళ్లి సోది చెప్పడం, వకుళమాత పెళ్లి రాయబారం నడపడం, కుబేరుడి దగ్గర అప్పు చేసి పెళ్లి చేసుకోవడం ఈ సీమలో చదువు రాని ఆడవాళ్లకు కూడా కంఠతా వచ్చిన కథ. పుత్తూరు దగ్గరి నారాయణవనం నేటికీ ఉంది కాబట్టి, ప్రేమకథ అంటే ఎక్కడో రాజుల దేశంలో జరిగేదన్న భావన ఇక్కడి స్త్రీలకు లేదు. అది బస్సెక్కి చూసి రాగల ఊళ్లో జరిగిన కథ.

విన్న కథను తన కళ్లతో చదువుకోవడం వేరు. 1951 జనాభా లెక్కల నాటికి దేశంలో స్త్రీలలో చదవను రాయను వచ్చినవారు నూటికి 9 మందికి మించలేదు. అంతకు ముందే, 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి మద్రాసు నుంచి ప్రారంభించిన గృహలక్ష్మి వంటి స్త్రీల పత్రికలు చదువుకున్న కొద్ది ఇళ్లకు చేరాయి. చిత్తూరు జిల్లా 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో భాగం కావడం, తెలుగు పత్రికలలో పెద్దవి చాలాకాలం మద్రాసు నుంచే వెలువడడం ఇక్కడి పాఠకులకు కలిసివచ్చిన విషయాలు. అచ్చయిన పత్రిక రేణిగుంట మీదుగా రైలులో పొద్దుటికల్లా దిగేది. ఒక ఇంటికి వచ్చిన పత్రికను మధ్యాహ్నం వంట ముగిశాక చదువు వచ్చిన ఒకామె పైకి చదివితే, బియ్యం ఏరుతూనో పూలు కడుతూనో పదిమంది వినేవారు. కాబట్టి నూటికి 9 అన్న లెక్క చదివినవారిని మాత్రమే చెబుతుంది, విన్నవారు అందులో లేరు.

బెంగాలీ నుంచి తెనిగించిన శరత్‌బాబు నవలలు ఆ కాలపు స్త్రీలకు మొదటి పెద్ద నేస్తాలు. శరత్ తెలుగువాడేనని నమ్మిన పాఠకులు ఉండేవారన్న మాట తెలుగు సాహిత్యంలో అందరికీ తెలిసినదే. 1952 నుంచి ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ దశాబ్దాల పాటు నడిపిన ప్రమదావనం శీర్షిక ఇంకొక పని చేసింది: ఆడవాళ్లు తమ సందేహాలను ఉత్తరాలుగా రాసి అచ్చులో జవాబు చూసుకోవడం అలవాటయింది. ఈ ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మరొక విశేషం కూడా ఉంది. నగరి, పుత్తూరు, సత్యవేడు, చిత్తూరు వైపు ఇళ్లలో తమిళం కూడా మాట్లాడేవారు ఎక్కువ. ఆనంద వికటన్, కుముదం చదివే స్త్రీలు తెలుగు వారపత్రికలూ చదివేవారు. రమణిచంద్రన్ తమిళ ప్రేమ నవలలకూ తెలుగు సీరియళ్లకూ ఒకే గూట్లో చోటిచ్చిన ఇళ్లను నేను చూశాను. సరిహద్దు జిల్లా పాఠకురాలికి ఉన్న ఈ రెండు కిటికీల గురించి మన సాహిత్య చరిత్రలు తగినంత మాట్లాడలేదు.

1960లలో వచ్చిన మార్పు మాత్రం అంతకు ముందటి వాటితో పోల్చదగినది కాదు. కోడూరి కౌసల్యాదేవి, యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, ద్వివేదుల విశాలాక్షి వంటి రచయిత్రుల నవలల కోసం పత్రికలు పోటీపడ్డాయి. కౌసల్యాదేవి నవలలు 1964లో డాక్టర్ చక్రవర్తిగా, 1971లో ప్రేమ్‌నగర్‌గా తెర మీదికి వెళ్లాయి. యద్దనపూడి సెక్రటరీ సీరియల్‌గా వచ్చి, పుస్తకమై, 1976లో సినిమా అయింది. ఆ నవలను ఇప్పుడు చదివేవారు ధనవంతుడైన కథానాయకుణ్ణే గమనిస్తారు. ఆనాడు చదివిన ఆడపిల్లలు గమనించింది ఉద్యోగానికి వెళ్లి జీతం తెచ్చుకుంటూ, యజమాని ఎదుట తల వంచని జయంతిని. తిరుపతిలో దేవస్థానం వారి పద్మావతి మహిళా కళాశాల 1952లోనూ, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లోనూ మొదలై, మదనపల్లె, శ్రీకాళహస్తి, పలమనేరు వైపు నుంచి ఆడపిల్లలు హాస్టళ్లకు చేరుతున్న రోజులవి. ఇంట్లో నుంచి చదువుకు బయలుదేరిన మొదటి తరం ఆడపిల్లకు తనలాంటి అమ్మాయి ఆఫీసులో ఎలా కూర్చుంటుందో, పరాయి మగవాడితో ఎలా మాట్లాడుతుందో చూపించిన పుస్తకం ఇంకేదీ లేదు. ఆ నవలలు ఆమెకు కలలు ఇచ్చాయన్నది నిజమే కానీ, వాటితో పాటు మర్యాదగా ఎదురుచెప్పే మాటలను కూడా ఇచ్చాయి.

పుస్తకం కొనుక్కునే స్తోమత చాలామందికి లేదు. అద్దె పుస్తకాల కొట్టు ఆ లోటు తీర్చింది. కొంత సొమ్ము డిపాజిట్ కట్టి, రోజుకు ఇంతని అద్దె ఇచ్చి తెచ్చుకున్న నవలను ఆ ఇంట్లో ఇద్దరు, పక్కింట్లో ఒకరు చదివి, తెల్లవారి తిరిగి ఇచ్చేవారు. ఆడవాళ్లు స్వయంగా కొట్టుకు వెళ్లడం తక్కువ. తమ్ముడి చేతికో కొడుకు చేతికో చీటీ ఇచ్చి పంపేవారు. చిన్నప్పుడు మా అమ్మ చీటీలు మోసిన వాణ్ణి కనుక ఆ కొట్టులో పాత కాగితం వాసన, అట్టల మీద నీలిసిరాతో వేసిన నెంబర్లు ఇప్పటికీ గుర్తున్నాయి. అద్దెకు కూడా డబ్బు లేని నెలల్లో అమ్మ వారపత్రికలోని సీరియల్ పేజీలను జాగ్రత్తగా చింపి దాచేది. కథ పూర్తయ్యాక వాటిని వరుసగా పేర్చి, దబ్బనంతో మూడు బెజ్జాలు పొడిచి, గోనెసంచుల పురికొసతో కుట్టి, దేవస్థానం కేలండరు కాగితంతో అట్ట వేసేది, స్వామి బొమ్మ మీద చేతి తడి తగలకుండా లోపలి వైపుకు మడిచి. అటువంటి కుట్టిన పుస్తకాలు మా ఇంట్లో పదకొండు ఉన్నాయి. వాటిలో ఒకదానిలో ఒక వారం భాగం లేదు. ఆ వారం మా ఇంటికి పత్రిక రాలేదు. అమ్మ పొరుగింటి అత్తను అడిగి తెలుసుకున్న కథను ఎక్సర్‌సైజు పుస్తకం కాగితాలు రెండింటి మీద తన గుండ్రటి అక్షరాలతో రాసి ఆ చోటులో కుట్టింది. అయిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి అంత పొడుగు వచనం రాయడం, నాకు తెలిసి, అదొక్కసారే.

ఈ నవలల మీద వచ్చిన విమర్శలో పస లేదనడం సరికాదు. ఆరడుగుల అందగాడు, పడవంత కారు, మేడ, నౌకర్లు పదేపదే కనబడ్డాయి. కథలు కృష్ణా, గోదావరి జిల్లాల పైకులాల ఇళ్లలోనో హైదరాబాదు బంగళాలలోనో నడిచాయి. చెరకు నరికే, వేరుశనగ ఒలిచే చిత్తూరు స్త్రీ వాటిలో ఎక్కడా లేదు. ఆ స్త్రీ కరువు కథలలో కనిపించింది. దామలచెరువు నుంచి రాసిన మధురాంతకం రాజారాం వంటివారు ఆమెను చూపారు గానీ, ఆమెకు ప్రేమకథ ఇచ్చినవారు బహు తక్కువ. భాష కూడా పరాయిదే. మొగుణ్ణి "ఇదో" అనో "ఏమయ్యా" అనో పిలిచే మా వైపు ఇళ్లలోకి "ఏమండీ" అన్న పిలుపు నవలల నుంచీ సినిమాల నుంచీ వచ్చి చేరింది. 1980లలో వచ్చిన స్త్రీవాద రచన ఈ ప్రేమకథల్లో పెళ్లే గమ్యం కావడాన్ని సూటిగా ప్రశ్నించింది. ఆ ప్రశ్న అవసరమైనదే. అయితే "ఆడవాళ్ల నవలలు" అని మూకుమ్మడిగా కొట్టిపారేసిన మగ విమర్శకుల మాటను దానితో కలపకూడదు. ఆ నవలలకు గిరాకీ పెరిగిన రోజుల్లో మగవారు కొందరు ఆడపేర్లు పెట్టుకుని రాశారన్న సంగతి మరచిపోవద్దు.

1978లో నెలకొక పూర్తి నవలతో మొదలైన చతుర, 1984లో వచ్చిన స్వాతి వారపత్రిక పాఠకులను ఇంకా పెంచినా, అప్పటికే క్షుద్రశక్తుల నవలలూ థ్రిల్లర్లూ ముందుకు వచ్చాయి. 1995లో జెమిని, ఈటీవీ ప్రసారాలు మొదలయ్యాక మధ్యాహ్నం వేళ టీవీ సీరియల్‌కు పోయింది. అద్దె కొట్లు ఒక్కొక్కటిగా మూతబడ్డాయి. అంతకు కొన్నేళ్ల ముందే చిత్తూరు, నెల్లూరు జిల్లాలలో అక్షరాస్యతా ఉద్యమం పల్లెల్లోని స్త్రీల చేత పలకా బలపం పట్టించింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడి పాఠం నుంచి సారా వ్యతిరేక పోరాటం పుట్టి, 1993లో సారా నిషేధానికి దారి తీసింది. ఒక చిన్న కథాపాఠం చదివి ఆడవాళ్లు ఊరినే కదిలించగలిగారు. 2011 నాటికి చిత్తూరు జిల్లా స్త్రీలలో అక్షరాస్యులు నూటికి సుమారు 63కు చేరారు. చదవగలిగినవారు ఇంతమంది అయ్యే వేళకు, వారి ఇంటికి నడిచి వెళ్లగలిగే దూరంలో నవల దొరికే చోటు లేకుండా పోయింది.

ఆ ఖాళీలోకే ఫోను వచ్చింది. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి వంటి వేదికలలో తెలుగు ధారావాహికలు రోజుకొక భాగంగా వస్తాయి. చదివినవారు వెంటనే అభిప్రాయం రాస్తారు, కొంతకాలానికి తామే కథ మొదలుపెడతారు. చతుర 2021లో ఆగిపోయింది, మరికొన్ని పత్రికలూ కరోనా కాలంలో నిలిచిపోయాయి కనుక, కొత్తగా రాసే ఆడపిల్లకు ఇప్పుడు ఫోనే మొదటి గడప. భాషలో తప్పులు, అచ్చుకు ముందు సరిచూసే కన్ను లేకపోవడం, హింసించే మగవాణ్ణి ప్రేమికుడిగా చూపే కథలు నన్ను నిజంగా బాధపెడతాయి. అదే సమయంలో, యాసలో మాట్లాడే కథానాయిక, భర్త పోయాక చిన్న హోటలు పెట్టుకున్న మధ్యవయసు స్త్రీ, నలభై దాటాక మళ్లీ ప్రేమలో పడిన టీచరమ్మ వంటివారు అక్కడ కనిపించడం చూస్తే, 1970లలో మా జిల్లాకు దొరకని కథలు ఇప్పుడు వస్తున్నాయని సంతోషం కలుగుతుంది.

గ్రంథాలయాల సంగతి ఇక్కడే చెప్పాలి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది, అందులో ఈ పాఠకురాళ్ల ఇళ్ల డబ్బూ ఉంది. పోటీ పరీక్షల పుస్తకాలకు ఉన్నంత చోటు ఆమె నవలకు అక్కడ లేదు. మధ్యాహ్నం రెండు గంటలకు తీరిక దొరికే గృహిణికి తలుపులు తెరిచి ఉండే వేళలూ అనుకూలంగా లేవు. అమ్మ పోయిన మరుసటి సంవత్సరం, ఆ కుట్టిన పుస్తకాలను భద్రపరుస్తారేమోనని ఒక గ్రంథాలయానికి తీసుకువెళ్లాను. అక్కడి ఉద్యోగిని వాటిని మర్యాదగానే తిరగేసి, ప్రచురణకర్త పేరు, వెల, అచ్చయిన సంవత్సరం లేనిదే రిజిస్టరులో ఎక్కించడం కుదరదని చెప్పారు. చేతిరాత ఉన్న ఆ రెండు పేజీలు చూపించాను. ఆమె వాటిని నిలబడే చివరి దాకా చదివి, ఆ తరువాత వారం కథ ఏమైందని అడిగారు.