పాత బొమ్మ, కొత్త బొమ్మ: క్యాబిన్‌లోంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

తెనాలి దగ్గర ఒక సింగిల్ థియేటర్‌లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేరినప్పుడు, బల్బు బదులు కార్బన్ కడ్డీలు వెలిగించి ఆ వెలుగుతో బొమ్మ వేసేవాళ్లం, ఇప్పుడు అదే క్యాబిన్‌లో ఏసీ, డిజిటల్ ప్రొజెక్టర్. పాత సినిమా గొప్పదా కొత్తది గొప్పదా అని జనం కొట్టుకుంటుంటే నాకు నవ్వొస్తుంది, సగం గొడవ సినిమా గురించి కాదు, వాళ్లు చూసిన ప్రింటు గురించి.

అపోహ: పాత సినిమాలంటేనే మసక, గీతలు, గరగర.
వాస్తవం: మా ఊరికి రీళ్ల బాక్సు వచ్చేసరికి ఆ ప్రింటు పెద్ద ఊళ్లలో వందల ఆటలు ఆడేసి ఉండేది. ప్రొజెక్టర్‌లో ఫిల్మ్ జారే సందులో, అంటే గేటులో, ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు, రీలు పొడవునా సన్నటి గీత పడుతుంది, తెరమీద దాన్నే 'వాన పడుతోంది' అనేవాళ్లు. రీలు తెగితే కింద ఈలలు వినబడుతుండగా చివర బ్లేడుతో గీకి, ఫిల్మ్ అతికించే సిమెంటు (ఒక రకం జిగురు) రాసి, రెండు ముక్కలూ నొక్కి పట్టుకోవాలి, చెయ్యి వణికిందా మళ్లీ మొదటికే. అతికిన ప్రతిసారీ ఒకటి రెండు ఫ్రేములు పోతాయి. సెకనుకి 24 ఫ్రేములు కదా, పోతే ఏమైంది అనిపిస్తుంది, కానీ అదే చోట నాలుగైదు సార్లు తెగితే హీరో కుర్చీలోంచి లేవకుండానే గుమ్మంలో తేలతాడు. పాటల్లోంచి ముక్కలు కత్తిరించి దాచుకున్న ఆపరేటర్లూ ఉన్నారు, నా సంగతి మాత్రం అడక్కండి. ప్రింట్లన్నిటికీ మూలమైన అసలు నెగెటివ్ క్షేమంగా ఉంటే, ఇవాళ దాన్ని స్కాన్ చేసి వేస్తే, సినిమా విడుదలైన రోజున మన తాతలు చూసినదానికంటే శుభ్రంగా కనబడుతుంది. అది దక్కకపోతే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు, 1932 నాటి 'భక్త ప్రహ్లాద' చూద్దామంటే మనకి ప్రింటే లేదు.

రంగులద్దితే పాత సినిమా బాగుపడుతుందని ఇంకో నమ్మకం. 2010లో 'మాయాబజార్' రంగుల్లో వచ్చినప్పుడు పిల్లలు కూడా హాలుకి వచ్చారు, సంతోషమే. కానీ దాని కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే వెన్నెలని వెలుగునీడలతోనే పుట్టించాడు, దానిమీద నీలం పూస్తే నా కళ్లకి ఆ వెన్నెల పోయి రంగే మిగిలింది. ఎవరి రుచి వాళ్లది.

అపోహ: గ్రాఫిక్స్ ఇప్పుడొచ్చాయి, అప్పట్లో అంతా నాటకమే.
వాస్తవం: అప్పటి ట్రిక్కులు చాలావరకు కెమెరాలోనే జరిగేవి. లెన్సు ముందు సగం నల్లగా మూసి ఒకసారి తీసి, ఫిల్మ్‌ని సరిగ్గా అదే ఫ్రేముకి వెనక్కి తిప్పి, ఈసారి రెండో సగం మూసి మళ్లీ తియ్యాలి. ఒకే మనిషి ఇద్దరుగా కనబడే సీన్లు ఇలా తీసేవాళ్లు. మధ్యలో ఒక్క పొరపాటు జరిగితే రెండు సగాలూ దండగే, అదీ ల్యాబ్ నుంచి వచ్చాకే తెలుస్తుంది.

రీమేకులు ఇప్పటి జబ్బు అనేవాళ్లకి ఒకే మాట: 'మిస్సమ్మ' మూలం బెంగాలీ, 'గుండమ్మ కథ' మూలం కన్నడం. చాలా?

పాత సినిమాలన్నీ స్లో అన్నమాట మాత్రం పూర్తిగా కొట్టెయ్యను. కొన్ని ఏడుపు సినిమాల ఆఖరి రీళ్లలో నేనే టీ తాగి వచ్చేవాణ్ణి. అలాగని టీవీలో పది నిమిషాలకోసారి ప్రకటనలు చూస్తూ మూడు గంటల సినిమాని ఐదు గంటలు సాగదీసి, తప్పంతా దర్శకుడి మీద వెయ్యడం అన్యాయం.

అపోహ: డిజిటల్ వచ్చాక ఇక టెన్షన్ లేదు.
వాస్తవం: రీలు తెగదు, నిజమే, కానీ తాళం తెరుచుకోదు. సినిమా హార్డ్‌డిస్కులో ఉన్నా, దాన్ని తెరవడానికి ఫలానా తేదీ ఫలానా టైమునుంచే పనిచేసే డిజిటల్ కీ విడిగా వస్తుంది. ఒక పండగ రోజు మా కీలో తేదీ తప్పు పడి, నలభై నిమిషాలు తెల్లతెర చూపించాం, ఈలలు మాత్రం రీలు తెగిన రోజుల్లో లాగే వినబడ్డాయి.

ఇంకోటి, కొత్త సినిమాల్లో రాత్రి సీన్లు ఏమీ కనబడట్లేదని కెమెరామన్‌ని తిడుతుంటారు. తప్పు అతనిదే కావచ్చు, కానీ చాలాసార్లు గడువు దాటినా మార్చని ప్రొజెక్టర్ ల్యాంపుది. ఈసారి బొమ్మ చీకటిగా ఉంటే ఇంటర్వెల్‌లో ఆఫీసు గదికి వెళ్లి అడగండి. నేను చెబితే ఓనరుగారు వచ్చే నెల చూద్దాం అంటారు, టికెట్ కొన్న పదిమంది అడిగితే వారంలో మారుస్తారు.