"ఆ ఒక్కటి ఉండుంటే!": నింటెండో 64 హార్డ్‌వేర్ మీద అపోహలు - వాస్తవాలు

పాత గేమ్ కన్సోళ్లు బాగు చేయడం నా పని. హైదరాబాద్‌లో నా బల్ల మీదికి వచ్చే నింటెండో 64లు దాదాపు అన్నీ అమెరికా నుంచి సూట్‌కేసుల్లో దిగినవే. 90ల్లో ఇక్కడ మనలో చాలామంది ఆడింది ఒకే క్యాసెట్‌లో వందల గేములని రాసి ఉండే టీవీ వీడియో గేమ్ మీద. ఎన్64 అంటే బంధువుల ఇంట్లో ఒకసారి చూసి, ఇంటికొచ్చాక కూడా మర్చిపోలేని వస్తువు.

రిపేర్‌కి ఇచ్చేవాళ్లు కన్సోల్‌తో పాటు ఒక కోరిక కూడా చెప్పి వెళ్తారు. సీడీ పెట్టి ఉంటేనా, ప్రాసెసర్ ఇంకాస్త స్పీడుగా ఉంటేనా, ర్యామ్ రెట్టింపు చేసి ఉంటేనా అని. అడగడంలో తప్పేం లేదు. కాకపోతే ఆ మిషన్‌కి నిజంగా ఎక్కడ ఊపిరాడలేదో, ఈ కోరికల్లో చాలావరకు ఆ చోటును తాకవు. వరసగా చూద్దాం.

అపోహ: ప్రాసెసర్ స్పీడు పెంచి ఉంటే గేములు నత్తనడక నడిచేవి కావు.

ఇది అందరికంటే ఎక్కువగా వినిపించే మాట, అందుకే దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

1996లో వచ్చిన ఎన్64లో ప్రాసెసర్ ఎన్ఈసీ వారి వీఆర్4300, వేగం 93.75 మెగాహెర్ట్జ్. దాని పక్కన సిలికాన్ గ్రాఫిక్స్ డిజైన్ చేసిన ఆర్‌సీపీ అనే చిప్ 62.5 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. త్రీడీ లెక్కలు, బొమ్మ గీయడం, టీవీకి పంపడం, అన్నీ ఆర్‌సీపీ నెత్తినే. ప్రాసెసర్ వేగం కూడా ఆ 62.5 నుంచి వచ్చిందే: దాన్ని ఒకటిన్నరతో గుణిస్తే 93.75. ఎంతతో గుణించాలో ప్రాసెసర్ చిప్‌కి ఉన్న డివ్‌మోడ్ అనే పిన్నులు నిర్ణయిస్తాయి. చిప్ కాలు జాగ్రత్తగా లేపి కనెక్షన్ మార్చితే రెండు రెట్లకు, అంటే 125 మెగాహెర్ట్జ్‌కి వెళ్తుంది. ఇలా అసలు వేగం కంటే పెంచి నడపడాన్నే ఓవర్‌క్లాక్ అంటారు, ఈ మార్పు చాలా ఏళ్లుగా చేస్తూనే ఉన్నారు.

చేస్తే ఏమవుతుంది? గోల్డెన్‌ఐ లాంటి గేమ్‌లో కొన్ని చోట్ల తేడా కళ్లకు కనిపిస్తుంది. కానీ నాలుగు పేలుళ్లు జరిగి స్క్రీన్ నిండా పొగ కమ్మిందా, మళ్లీ పాత కథే. ఆ పొగను గీసేది ప్రాసెసర్ కాదు. పారదర్శకంగా కనిపించే ప్రతి పొర కోసం ఆర్‌సీపీ మెమరీలోని పిక్సెల్‌ని చదివి, కలిపి, తిరిగి రాయాలి. అసలు చిక్కు ఆ మెమరీ దగ్గరే ఉంది.

ఎన్64లో ఉన్నది ఒకే ఒక్క 4 మెగాబైట్ల ర్యామ్. ప్రోగ్రామ్, టెక్స్చర్లు (వస్తువుల మీద అతికించే బొమ్మలు), సౌండ్, స్క్రీన్ బొమ్మ, ఏది ముందు ఏది వెనక అని చెప్పే జెడ్-బఫర్, అన్నీ అందులోనే. ప్రాసెసర్‌కి ఆ ర్యామ్‌తో నేరుగా సంబంధం లేదు, ఆర్‌సీపీ ద్వారానే అడగాలి. ర్యామ్‌బస్ కంపెనీ టెక్నాలజీతో చేసిన ఈ మెమరీ కాగితం మీద సెకనుకు 500 మెగాబైట్లకు పైగా ఇస్తుంది, ఆ రోజులకు అది గొప్ప సంఖ్యే. అయితే అడిగాక మొదటి బైటు చేతికి రావడానికి పట్టే ఆలస్యం ఎక్కువ. పెద్ద ముక్కలుగా అడిగితే సరే, చిన్న చిన్నవి చాలాసార్లు అడిగితే ప్రతిసారీ ఆ ఆలస్యం మోయాల్సిందే. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే బోరు ఉన్నప్పుడు మీ ఫ్లాట్‌లో పెద్ద ట్యాప్ బిగించుకున్నంత మాత్రాన నీళ్లు ఎక్కువ రావు కదా. ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్ పరిస్థితి అదే.

మరి అలా ఎందుకు కట్టారు? ఖర్చు. ఈ ర్యామ్ దారి వెడల్పు 9 బిట్లే. వైర్లు తక్కువ, చిప్పులు తక్కువ, బోర్డు చవక. అమెరికాలో ప్లేస్టేషన్ 1995లో 299 డాలర్లకు వస్తే, ఎన్64 మరుసటి ఏడాది 199.99 డాలర్లకు వచ్చింది. ప్లేస్టేషన్‌లో మెయిన్ ర్యామ్ 2 మెగాబైట్లు, బొమ్మకు వేరుగా 1 మెగాబైట్, సౌండ్‌కి వేరుగా 512 కిలోబైట్లు. మొత్తం కలిపితే తక్కువే, కానీ ఎవరి గిన్నె వాళ్లది. నాకు టైమ్ మెషిన్ ఇస్తే ప్రాసెసర్ జోలికి పోను. జెడ్-బఫర్‌కి విడిగా ఒక చిన్న మెమరీ పెట్టమని అడుగుతాను.

ఇంకో సంగతి. సూపర్ మారియో 64 కోడ్‌ని అభిమానులు వెనక్కి విప్పి చూస్తే, జపాన్, అమెరికాల్లో మొదట అమ్మిన వెర్షన్లను కంపైలర్ ఆప్టిమైజేషన్ (కోడ్‌ని మిషన్ భాషలోకి మార్చేటప్పుడు వేగంగా నడిచేలా చెక్కే సెట్టింగ్) ఆన్ చేయకుండానే తయారు చేశారని తేలింది. తర్వాత వచ్చిన యూరప్ వెర్షన్‌లో, 1997 నాటి జపాన్ షిండో (కంట్రోలర్ వణికే) వెర్షన్‌లో ఆన్ చేశారు. సరదాకి సొంతంగా కోడ్ రాసే హోమ్‌బ్రూ ప్రోగ్రామర్లు అదే గేమ్‌ని, మెమరీని తక్కువసార్లు తట్టేలా తిరగరాసి, అసలు కన్సోల్ మీదే ఎంతో వేగంగా నడిపిస్తున్నారు. హార్డ్‌వేర్‌లో ఒక్క స్క్రూ కూడా మార్చలేదు.

అపోహ: బొమ్మలు మసకగా ఉండటానికి 4 కిలోబైట్ల టెక్స్చర్ మెమరీ ఒక్కటే కారణం. ప్లేస్టేషన్‌కి అంతకంటే ఎక్కువ ఉంది.

సగం నిజం. ఒక్కో పిక్సెల్‌కి 16 బిట్ల రంగు అనుకుంటే, 32 పిక్సెళ్ల వెడల్పు 64 పిక్సెళ్ల ఎత్తు ఉన్న బొమ్మ సరిగ్గా 4,096 బైట్లు. అక్కడితో నిండిపోతుంది. 16 రంగులతో సరిపెట్టుకుంటే 64×64 బొమ్మ సగం జాగాలో పడుతుంది, కానీ మిగతా సగం రంగుల పట్టికకు వదలాలి. ఆ చిన్న బొమ్మను పెద్ద గోడంతా సాగదీసి, పైన ఫిల్టర్ పూస్తే మసకగా కాక ఇంకెలా ఉంటుంది?

కానీ ప్లేస్టేషన్‌లో ఆ పని చేసే చిన్న మెమరీ, టెక్స్చర్ క్యాష్, 2 కిలోబైట్లే! అది ఎందుకు ఇబ్బంది పెట్టలేదంటే, ఆ క్యాష్ తనకు కావాల్సింది పక్కనున్న వీడియో ర్యామ్ నుంచి తనే తెచ్చుకుంటుంది. ఎన్64లో ప్రోగ్రామరే ప్రతి ముక్కనూ ముందుగా లోడ్ చేయాలి, అదీ అందరూ పంచుకునే ఆ ఒక్క దారి నుంచే. టెక్స్చర్ మెమరీని 16 కిలోబైట్లు చేస్తే బొమ్మలు పెద్దవవుతాయి సరే, వాటిని దాచడానికి కార్ట్రిడ్జ్‌లో (గేమ్ క్యాసెట్‌లో) చోటేది? మారియో 64 గేమ్ మొత్తం 8 మెగాబైట్లు.

తెలివైన వాళ్లు దీన్ని వేరేలా దాటారు. మారియోని దగ్గరగా చూడండి. కళ్లు, మీసం, చెంపల మీది జుట్టు, టోపీ మీది అక్షరం, గుండీలు, ఇవే టెక్స్చర్లు. మిగతా ఒళ్లంతా ఉత్త రంగే.

అపోహ: సీడీ డ్రైవ్ ఉండి ఉంటే అన్నీ బాగుండేవి.

సీడీలో 650 మెగాబైట్ల దాకా పడుతుంది, అతి పెద్ద ఎన్64 కార్ట్రిడ్జ్ 64 మెగాబైట్లు. ఈ పోలిక చూస్తే ఎవరికైనా బాధే. ఫైనల్ ఫాంటసీ 7 ప్లేస్టేషన్‌కి వెళ్లి 3 సీడీల మీద వచ్చింది. అయితే ఆ చోటులో పెద్ద భాగం వీడియోలు, ముందే గీసి పెట్టిన బ్యాక్‌గ్రౌండ్లే.

సీడీ వల్ల నిజంగా లాభపడింది పబ్లిషర్లు. తయారీ చవక, స్టాక్ అయిపోతే మళ్లీ త్వరగా కొట్టించుకోవచ్చు. కార్ట్రిడ్జ్ అయితే అమ్ముడవుతుందో లేదో తెలియకముందే పెద్ద మొత్తం కట్టి ఆర్డర్ ఇవ్వాలి. కంపెనీలు నింటెండోని వదిలి జారుకోవడానికి గ్రాఫిక్స్ కంటే ఈ లెక్కే పెద్ద కారణమని నా నమ్మకం.

ఆడేవాడి వైపు నుంచి చూస్తే కార్ట్రిడ్జ్‌కి ఒక సుఖం ఉంది. ప్లేస్టేషన్ డ్రైవ్ సెకనుకు 300 కిలోబైట్లు చదువుతుంది, పైగా లెన్స్ కదలాలి. ఎన్64లో ఆ వెయిటింగ్ లేదు, కావాల్సినప్పుడు కావాల్సిన ముక్క లాక్కోవచ్చు. అందుకే ఏంజెల్ స్టూడియోస్ వాళ్లు 2 సీడీల రెసిడెంట్ ఈవిల్ 2ని, వీడియోలతో సహా, 1999లో ఒకే 64 మెగాబైట్ల కార్ట్రిడ్జ్‌లోకి కుదించి చూపించారు. ఇప్పటికీ ఆ పని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. నింటెండో స్వయంగా తెచ్చిన డిస్క్ డ్రైవ్ 64డీడీ సంగతంటారా, 1999 డిసెంబర్‌లో జపాన్‌లో మాత్రమే వచ్చింది. దాని డిస్క్ కూడా 64 మెగాబైట్లే. 2001లో మూతపడింది.

అపోహ: ఎక్స్‌పాన్షన్ ప్యాక్ పెడితే అన్ని గేములూ స్పీడవుతాయి.

"అన్నా, ప్యాక్ కొని పెట్టాను, ఏం తేడా లేదు, పాడైందేమో చూడు." పాడవలేదు. ఆ ప్యాక్ ఇంకో 4 మెగాబైట్ల ర్యామ్ ఇస్తుందంతే, దారి వెడల్పు చేయదు. దాన్ని వాడుకునేలా రాసిన గేములకే అది పనికొస్తుంది. డాంకీ కాంగ్ 64కి, మజోరాస్ మాస్క్‌కి తప్పనిసరి. పర్ఫెక్ట్ డార్క్‌లో అది లేకపోతే చాలా భాగం తెరుచుకోదు. టురాక్ 2లో హై-రెజల్యూషన్ ఆన్ చేస్తే బొమ్మ నిగనిగలాడుతుంది, వేగం ఇంకా పడిపోతుంది. గీయాల్సిన పిక్సెళ్లు పెరిగాయి మరి.

డాంకీ కాంగ్ 64లో ఒక బగ్‌ని దాచడానికే ప్యాక్ తప్పనిసరి చేశారనే కథ చాలా ప్రచారంలో ఉంది. ఆ గేమ్ మీద పనిచేసిన ఆర్టిస్టే దాన్ని కొట్టిపారేశారు. ప్యాక్ వాడాలన్న నిర్ణయం ఆ బగ్ కంటే చాలా ముందే జరిగిందట.

ప్యాక్ లేని కన్సోల్‌లో ఆ చోట జంపర్ ప్యాక్ అని ఒక డమ్మీ ఉంటుంది. ర్యామ్‌బస్ లైన్ చివర సిగ్నల్ వెనక్కి తన్నకుండా ఆపే టెర్మినేషన్ ఉండాలి, ఆ పని ఇది చేస్తుంది. "ఖాళీదే కదా" అని ఎవరో పీకి పారేస్తారు. ఇక లైటు వెలుగుతుంది, స్క్రీన్ నల్లగా ఉంటుంది. చనిపోయిందని తెచ్చిన కన్సోల్‌కి నేను మొదట తీసేది ముందువైపు ఉన్న ఆ చిన్న మూతే.

అపోహ: సౌండ్ చిప్ లేదు కాబట్టి పాటలు బాగోలేవు.

విడిగా చిప్ లేని మాట నిజమే, ఆ పని ప్రాసెసర్, ఆర్‌సీపీ పంచుకుంటాయి. కానీ నాణ్యతను ఎక్కువగా కొట్టింది కార్ట్రిడ్జ్‌లో చోటు లేకపోవడం. చోటు దొరికాక రేర్ కంపెనీ కాంకర్స్ బ్యాడ్ ఫర్ డేలో పాత్రల మాటలన్నీ ఎంపీ3గా కుదించి పెట్టింది. అదే హార్డ్‌వేర్.

అపోహ: హెచ్‌డీఎంఐ పోర్ట్ ఒకటి బిగిస్తే చాలు.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే "ఎన్64 హెచ్‌డీఎంఐ కేబుల్" చాలావరకు లోపల పాత వీడియో సిగ్నల్‌నే మార్చి పంపుతుంది, డబ్బు దండగ. అమెరికా కన్సోల్‌కి మంచి ఎస్-వీడియో కేబుల్, ఒక మంచి స్కేలర్ (పాత సిగ్నల్‌ని కొత్త టీవీకి తగ్గట్టు పెద్దది చేసే పెట్టె) ఉంటే నూటికి ఎనభై మందికి అదే ఎక్కువ అంటాను. కన్సోల్ తెరిచి, లోపలి డిజిటల్ సిగ్నల్‌నే నేరుగా బయటికి తీసే బోర్డు వేయిస్తే తేడా బాగా ఉంటుంది, ఆర్‌సీపీ చివర్లో పూసే మసకను కూడా తగ్గించుకోవచ్చు. అయినా చాలా గేములు 320×240 దగ్గరే గీస్తాయని గుర్తుంచుకోండి.

పోర్ట్ కంటే ముందు కరెంటు సంగతి చూసుకోండి. అమెరికా అడాప్టర్ 120 వోల్టులది. ఎయిర్‌పోర్ట్‌లో కొన్న ట్రావెల్ ప్లగ్ పిన్నుల ఆకారం మారుస్తుంది, వోల్టేజీని కాదు. మన 230లో పెడితే అడాప్టర్ అక్కడికక్కడే పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, లేదా 3.3, 12 వోల్టులిచ్చే ఇక్కడి కరెంటు అడాప్టర్ వాడండి.

అపోహ: రెండో స్టిక్ లేకపోవడమే కంట్రోలర్‌లో పెద్ద లోపం.

రెండో స్టిక్ కావాలంటే గోల్డెన్‌ఐలో ఒక దారి అప్పుడే ఉంది: రెండు కంట్రోలర్లు రెండు చేతుల్లో పట్టుకుని ఒక్కరే ఆడే సెట్టింగులు. నా దృష్టిలో పెద్ద లోపం ఉన్న ఆ ఒక్క స్టిక్కే.

దాన్ని విప్పితే తెల్లటి పొడి రాలుతుంది. అది మట్టి కాదు, స్టిక్ తన్ను తాను తిన్న ప్లాస్టిక్. స్టిక్ అడుగు భాగం ఒక గిన్నెలో తిరుగుతుంది. ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ రాసుకుని గిన్నె అరుగుతుంది, కదిలించే ముక్కలు కూడా అరుగుతాయి, చివరికి స్టిక్ ఒక పక్కకు వాలిపోతుంది. మారియో పార్టీలో అరచేత్తో స్టిక్ గిరగిరా తిప్పే ఆటలకు స్టిక్కులే కాదు చేతులూ బలయ్యాయి. 2000లో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆఫీసుతో ఒప్పందం చేసుకుని నింటెండో గ్లౌజులు పంచాల్సి వచ్చింది.

చాలామంది కాంటాక్ట్ క్లీనర్ కొట్టి తెస్తారు. ఉపయోగం లేదు. ఇందులో ఇప్పటి కంట్రోలర్లలాగా రాసుకునే కార్బన్ పట్టీలు లేవు. చీలికలున్న చిన్న చక్రాలు తిరుగుతుంటే వాటి గుండా వెళ్లే వెలుతురును సెన్సర్లు లెక్కపెడతాయి. ఎలక్ట్రానిక్స్ ఎప్పుడో గానీ పోదు. గిన్నె, ఆ ముక్కలు మార్చి కాస్త ప్లాస్టిక్ గ్రీజు పెడితే చాలు. మొత్తం స్టిక్కే మార్చాలనుకుంటే నింటెండో తర్వాతి కన్సోల్ గేమ్‌క్యూబ్ తరహావి దొరుకుతాయి కానీ, వాటిలో కొన్ని అసలు దానికంటే ఎక్కువ రేంజ్ పంపుతాయి. కొంచెం తోస్తే మారియో పరుగెడతాడు, గోల్డెన్‌ఐలో గురి అటూ ఇటూ ఎగురుతుంది.

కంట్రోలర్లు చేసిన ఫ్యాక్టరీలో ఒక్క మార్పు చేయనిస్తే ఆ గిన్నెని అరగని మెటీరియల్‌తో పోయించేవాణ్ని. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లయితే, స్టిక్‌ని వదిలేసి చూడండి, నిటారుగా నిలబడాలి. నిలబడుతున్నా గేమ్‌లో బొమ్మ తనంతట తనే ఓ పక్కకి పోతుంటే కంగారు పడకండి. ఆన్ చేసే క్షణంలో స్టిక్ ఎక్కడుంటే దాన్నే మధ్య అనుకుంటుంది ఈ కన్సోల్. స్టిక్ వదిలేసి ఎల్, ఆర్, స్టార్ట్ మూడూ కలిపి నొక్కండి. అప్పటికీ పోతుంటే ధర తగ్గించమని అడగండి.