న్యూఫౌండ్‌లాండ్ కాడ్: కిందికి దిగిన గీత

కెనడా తూర్పు తీరంలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర ఉత్తర కాడ్ చేప వేటకు 2025లో ఇచ్చిన కోటా 38,000 టన్నులు. అంతకు ముందు ఏడాది అది 18,000 టన్నులే. 32 ఏళ్ల నిషేధాన్ని 2024 జూన్ 26న ఎత్తేసినప్పుడు మొదలైన గొడవ ఈ పెంపుతో మళ్లీ రాజుకుంది. నిషేధం కొనసాగించడమే మంచిదని మత్స్యశాఖ అధికారులే చెప్పినా అప్పటి మంత్రి డయాన్ లెబూతియే ఎత్తేశారని తర్వాత బయటికొచ్చిన పత్రాల్లో తేలింది.

బుట్ట ముంచితే చేపలు వచ్చేవన్న పాత ముచ్చట్లు, 1968లో విదేశీ ట్రాలర్ల (పెద్ద వల లాగే నౌకల) పుణ్యమా అని పట్టిన కాడ్ ఎనిమిది లక్షల టన్నులకు చేరిన సంగతి చాలామంది విన్నవే. 1992 జులై 2న మంత్రి జాన్ క్రాస్బీ రెండేళ్లకని నిషేధం పెట్టడం, దాదాపు 30,000 మంది పని పోగొట్టుకోవడం కూడా తెలిసిందే. కానీ ఇవాళ్టి తగువు అర్థం కావాలంటే 1992 కన్నా ఆ ముందటి పదేళ్లు చూడాలి.

1977లో కెనడా 200 నాటికల్ మైళ్ల దాకా సముద్రాన్ని తన అధికారం కిందికి తెచ్చుకుంది. విదేశీ ట్రాలర్లను చాలావరకు బయటికి పంపి, సొంత ట్రాలర్లను దింపింది. నీళ్లలో ఎంత చేప ఉందో తేల్చడానికి శాస్త్రవేత్తలు రెండు లెక్కల మీద ఆధారపడ్డారు. ఒకటి ఏటా పరిశోధన నౌక చేసే సర్వే. రెండోది గంటకు ట్రాలర్‌కు ఎంత పడుతోందన్నది. చిక్కంతా ఈ రెండోదానితోనే. కాడ్ గుంపుగా చేరే చేప. ఎంత తగ్గినా మిగిలినవి ఒకచోటే పోగవుతాయి. ఆ చోటు కనిపెట్టే పరికరాలు ట్రాలర్లలో ఏటేటా మెరుగయ్యాయి. దాంతో సముద్రం ఖాళీ అవుతున్నా కాగితం మీద గంటకు పడే చేప నిలకడగానే కనిపించింది.

ఇక ఒడ్డు దగ్గరే వేటాడే చిన్న పడవల వాళ్లకు 1982 నుంచే చేప తగ్గింది. దొరికేదీ చిన్నదే. నీళ్లు చల్లబడి చేప ఒడ్డుకు రావడం లేదని అధికారులు సర్దిచెప్పారు. 1986లో ఆ పడవల వాళ్ల సంఘమే న్యూఫౌండ్‌లాండ్‌లోని మెమోరియల్ యూనివర్సిటీ జీవశాస్త్రవేత్తలతో విడిగా లెక్క వేయించుకుంది. మత్స్యశాఖ చేపను ఎక్కువగా అంచనా వేస్తోందని ఆ జీవశాస్త్రవేత్తలు తేల్చారు. ఆ మాట శాఖ తలకెక్కించుకోలేదు. 1989కి వచ్చేసరికి శాఖ శాస్త్రవేత్తలే దారికొచ్చి 1,25,000 టన్నులు మించొద్దన్నారు. మంత్రి ఇచ్చిన కోటా 2,35,000. ఒడ్డు పడవలు, ట్రాలర్ల మధ్య ఇలాంటి తగువు ఎలా ఉంటుందో విశాఖ, కాకినాడ వాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నిషేధం ఎత్తేయడానికి దారి వేసిన 2023కి వద్దాం. ఆ ఏడాది శాఖ అంచనా పద్ధతి మార్చింది. అప్పటిదాకా 1983 నుంచి ఉన్న సమాచారమే వాడేవారు. కొత్త నమూనాలో 1954 నుంచి కలిపారు. దాంతో 'ఇంతకన్నా తగ్గితే ప్రమాదం' అనే గీత సగానికన్నా కిందికి, 3,15,000 టన్నులకు దిగింది. చేపలు పెద్దగా పెరగకపోయినా, కాడ్ ప్రమాద స్థాయి దాటి 'జాగ్రత్త' స్థాయిలోకి వచ్చేసింది. పాత సమాచారం కలపడం శాస్త్రపరంగా తప్పేమీ కాదు. అయితే ఒకసారి లెక్క నమ్మి మునిగినవాళ్లకు ఈ మార్పు చూసి టెన్షన్ రావడం సహజమే.

వాళ్ల కోపానికి ఇంకో కారణం ఉంది. వేట మళ్లీ మొదలైతే మొదటి 1,15,000 టన్నులు ఒడ్డు పడవలకేనని ప్రభుత్వం ఎప్పటినుంచో చెబుతోంది. 18,000 టన్నుల దగ్గరే ట్రాలర్లకు, విదేశీ నౌకలకు వాటా ఇచ్చేసరికి మత్స్యకార యూనియన్ నిషేధమే తిరిగి పెట్టమంది. నిషేధం తమ సభ్యుల పొట్ట కొడుతుందని తెలిసీ అలా అడిగింది. ట్రాలర్ కంపెనీలేమో తమ వాటా చిన్నదేనని, ఫ్యాక్టరీలకు పని దొరుకుతుందని అంటున్నాయి.

ఈ వాదనల్లో పెద్దగా వినపడనిది కేపెలిన్. కాడ్‌కు ముఖ్య ఆహారమైన ఈ చిన్న చేప 1991లో కుప్పకూలి ఇప్పటికీ పాత స్థాయికి చేరలేదు. ఆ తీరం ఇన్నాళ్లూ బతికింది పీతలు, రొయ్యల మీద. కాడ్ తిరిగి పెరగాలంటే కేపెలిన్ ఉండాలి. ఆ కేపెలిన్ వేటకూ ప్రభుత్వం ఏటా కోటా ఇస్తూనే ఉంది.