‘లమ్హే’: చిత్తరువు దగ్గర మొదలైన వివాదం

యశ్ చోప్రా తీసిన హిందీ చిత్రం ‘లమ్హే’ 2025 మార్చిలో మళ్లీ థియేటర్లకు రావడంతో, తండ్రి వయసున్న సంరక్షకుణ్ని ఒక అమ్మాయి ప్రేమించి పెళ్లాడటమేమిటన్న పాత ప్రశ్న కూడా తిరిగి ముందుకు వచ్చింది. 1991లో వావివరసల మాటగా వినిపించిన ఆ అభ్యంతరాన్ని ఇప్పుడు కొందరు ‘గ్రూమింగ్’ (చిన్న వయసు నుంచే నమ్మకం పెంచి లొంగదీసుకోవడం) అంటున్నారు.

కథ చాలామందికి తెలిసినదే. తనకంటే పెద్దదైన పల్లవిని వీరేన్ (అనిల్ కపూర్) ప్రేమిస్తాడు. ఆమె మరొకరిని పెళ్లాడి, ప్రమాదంలో చనిపోతుంది. ఆమె కూతురు పూజ పెరిగి పెద్దదై వీరేన్‌నే కోరుకుంటుంది. ఇక్కడ ఒక విషయం సరిగ్గా గుర్తుంచుకోవాలి. పూజను పెంచింది వహీదా రెహమాన్ పోషించిన దాయీ (ఆయా). లండన్‌లో ఉండే వీరేన్ ఏడాదికొకసారి, పల్లవి వర్ధంతి నాడు రాజస్థాన్ వస్తాడు. అదే పూజ పుట్టినరోజైనా ఆ పిల్ల సంబరంలో పాలుపంచుకోకుండానే వెళ్లిపోతాడు. అయితే ఆ ఇంటికి యజమాని అతనే కదా, ఆ ఎదురుచూపులోనే అమ్మాయి మనసు రూపుదిద్దుకుంది కదా అన్న విమర్శకుల వాదనను తోసిపుచ్చలేం.

నా దృష్టిలో అసలు మలుపు చిత్తరువు సన్నివేశం. వీరేన్ దగ్గర ఒక బొమ్మను చూసిన పూజ, అది తనదేననీ, అతనూ తనను ప్రేమిస్తున్నాడనీ నమ్ముతుంది. అది నీది కాదు, మీ అమ్మది అని అతను చెప్పిన క్షణం నుంచి కథలో వయసు ప్రశ్న వెనక్కి వెళ్లి, ఇతను ప్రేమించేది తల్లినా, కూతురినా అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. తల్లీ కూతుళ్లిద్దరూ శ్రీదేవే కావడం వల్ల ఆ ప్రశ్నను ప్రేక్షకుడు తప్పించుకోలేడు.

కేవలం ఏళ్ల తేడాయే అడ్డయితే మన ప్రేక్షకుల చరిత్ర వేరుగా ఉండేది. 1972లో ‘బడిపంతులు’లో ఎన్టీఆర్‌కు మనవరాలిగా నటించిన శ్రీదేవి, 1979లో ‘వేటగాడు’లో ఆయన సరసన కథానాయిక అయ్యారు, 1923లో పుట్టిన నటుడికీ 1963లో పుట్టిన నటికీ మధ్య ఉన్న నలభై ఏళ్లను కథ ప్రస్తావించలేదు, ప్రేక్షకులు ఆ జంటను ఆదరించారు. ‘లమ్హే’లో అనిల్ కపూర్ ఆమె కంటే ఏడేళ్లే పెద్ద, కానీ ఇక్కడ తేడాను కథే నోరు విప్పి చెప్పింది, అదీ అమ్మాయి నోట చెప్పించింది.

1991 నవంబరు 22న, అజయ్ దేవ్‌గణ్ తొలి చిత్రం ‘ఫూల్ ఔర్ కాంటే’ విడుదలైన రోజే ‘లమ్హే’ కూడా వచ్చింది. ఆ పోటీయే దెబ్బ తీసిందనడం సగం నిజం; విదేశాల్లో ఆదరణ పొందిన చిత్రం స్వదేశంలో నిలబడకపోవడానికి ఆ బంధంపై ఉన్న అభ్యంతరమూ కారణమే. ఉత్తమ చిత్రం, ఉత్తమ నటి సహా ఐదు ఫిల్మ్‌ఫేర్ అవార్డులు వచ్చాయి. వాటిలో ఒకటి హనీ ఇరానీ కథకు దక్కింది. తన చిత్రాల్లో ఇది ఎంతో ఇష్టమైనదని యశ్ చోప్రా తర్వాత కూడా చెబుతూ వచ్చారు.

పూజ నిర్ణయం ఆమెదేనని చిత్రం ఎంతో ఓపికగా చూపింది. పల్లవి రూపాన్ని దాటి వీరేన్ పూజను పూజగా ఎప్పుడు చూశాడన్నదానికి మాత్రం అంత ఓపిక చూపలేదు. చివర్లో అతను పూజ దగ్గరికి తిరిగి వచ్చేసరికి ఆ మార్పు అప్పటికే జరిగిపోయి ఉంటుంది.